నంబర్ వన్ కాని నంబర్ వన్ పాటలు

వచ్చే నెలలో మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాళ్లందరం రుషికొండలో కలుసుకోబోతున్నాం. ఆ సాయంత్రం పెట్టవలసిన పాటల జాబితా తయారుచేసే బాధ్యతను నాకు అప్పగించారు. పాటలు 1990ల నాటివే కావాలనీ, అవి కూడా అమెరికాలో ఏ పాట ఎంత ఆదరణ పొందిందో వారం వారం చెప్పే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి చేరినవే అయి ఉండాలనీ షరతు పెట్టినవాళ్లు కూడా వాళ్లే. ఈ రోజు ఆదివారం కాబట్టి, సీతమ్మధార రైతుబజారు నుంచి కూరగాయలు తెచ్చి ఇంట్లో పెట్టేసి, ఆ పట్టికలు ముందేసుకుని కూర్చున్నాను. గంటలో తేలుతుందనుకున్న పని దీపాలు పెట్టే వేళ దాకా సాగింది.

మొదట చిక్కేమీ కనిపించలేదు. విట్నీ హ్యూస్టన్ పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' 1992 చివర్లో మొదటి స్థానానికి ఎక్కి 14 వారాలు దిగలేదు. అది డాలీ పార్టన్ 1974లోనే పాడిన పాట అన్న సంగతి మాలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. మరయా కేరీ, బాయిజ్ టు మెన్ కలిసి పాడిన 'వన్ స్వీట్ డే' 1995 చివరి నుంచి 16 వారాలు నిలిచి, 2019లో 'ఓల్డ్ టౌన్ రోడ్' 19 వారాలు నిలిచేదాకా చెక్కుచెదరని రికార్డు నెలకొల్పింది. ఎల్టన్ జాన్ 1997లో బ్రిటన్ యువరాణి డయానా స్మృతికి అంకితం చేసిన పాటకు మళ్లీ 14 వారాలు దక్కాయి. ఈ చివరి రెండూ పోయినవాళ్లను తలుచుకుంటూ పాడినవే. అంటే ఆ దశకంలో 30 వారాలు అమెరికా పట్టిక శిఖరాన సంతాపమే కూర్చుంది! యాభై ఏళ్లకు దగ్గరపడుతున్నవాళ్లు కలుసుకునే చోట వీటిని వరసగా పెడితే భోజనాల దాకా ఎవరూ ఉండరు. ఊపు కోసం 1996లో 14 వారాలు ఏలిన 'మకరేనా' ఒకటి మిగిలింది. స్పెయిన్‌కు చెందిన ఇద్దరు గాయకులు 1993లో విడుదల చేసిన ఆ పాటను మయామీలో కొత్త వాయిద్యాలతో మార్చి కట్టాకే అమెరికా దాన్ని నెత్తిన పెట్టుకుంది.

జాబితాను వాట్సాప్‌లో పెట్టగానే గాజువాక నుంచి ఒక మిత్రుడు, "ఏట్రా ఇది, డోంట్ స్పీక్ ఏదీ? బార్బీ గర్ల్ ఏదీ?" అని విరుచుకుపడ్డాడు. ఇంకొకడు బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ లేకుండా మన దశకం ఏమిటని నిలదీశాడు. వాళ్లడిగిన పాటలన్నీ నా చెవులకూ మొదటి స్థానం పాటలే. అయినా అమెరికా పట్టికలో వాటికి ఆ స్థానం దక్కలేదు. 'బార్బీ గర్ల్' ఏడో స్థానం దగ్గర ఆగింది, బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాడిన 'ఐ వాంట్ ఇట్ దట్ వే' ఆరో స్థానం దాటలేదు. నో డౌట్ బృందం పాడిన 'డోంట్ స్పీక్' అయితే రేడియోలో మోగిన లెక్క చెప్పే వేరే పట్టికలో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా, హాట్ 100లో నూరో స్థానానికైనా నోచుకోలేదు.

'డోంట్ స్పీక్'కు అలా జరగడానికి కారణం సంగీతంలో లేదు, వ్యాపారంలో ఉంది. 1998 డిసెంబరు దాకా ఉన్న నియమం ప్రకారం, ఒక పాట హాట్ 100లోకి రావాలంటే అది సింగిల్‌గా, అంటే ఆ ఒక్క పాట కోసం విడిగా అమ్మే క్యాసెట్టుగానో సీడీగానో, దుకాణంలో దొరకాలి. పాటను విడిగా అమ్మితే ఆల్బమ్ ఎవరు కొంటారన్న లెక్కతో కంపెనీలు బాగా మోగుతున్న పాటలనే విడిగా విడుదల చేయకుండా బిగబట్టాయి. శ్రోత ఒక్క పాట మీది మోజుతో మొత్తం ఆల్బమ్ కొన్నాడు. పట్టికలో మాత్రం ఆ పాట పేరే లేదు. అన్నిటికంటే అన్యాయం నటాలీ ఇంబ్రూలియా పాడిన 'టార్న్'కు జరిగింది. రేడియో పట్టికలో 11 వారాలు మొదటి స్థానంలో ఉన్న ఆ పాట, నియమం మారే నాటికి వేడి తగ్గిపోయి, హాట్ 100లో 42వ స్థానంతో సరిపెట్టుకుంది.

నవ్వొచ్చే విషయమేమిటంటే, ఈ గొడవకంతటికీ మూలమైన సింగిల్ అనే వస్తువును నేను విశాఖపట్నంలో ఏ దుకాణంలోనూ చూడలేదు. మేము ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని, కావలసిన పాటల పేర్లు తెల్లకాగితం మీద రాసి, డాబాగార్డెన్స్‌లోని రికార్డింగ్ షాపులో ఇచ్చి వచ్చేవాళ్లం. రెండు మూడు రోజుల తర్వాత వెళితే క్యాసెట్టు సిద్ధంగా ఉండేది. మేము రాసిన పాటలు అయిపోయాక టేపు ఇంకా మిగిలితే, షాపతను తనకు నచ్చిన పాట ఒకటి దాని చివర ఎక్కించేవాడు. అతని దగ్గరున్న అసలు క్యాసెట్లలో కొన్ని ఓడల మీద పనిచేసేవాళ్లు విదేశాల నుంచి తెచ్చిచ్చినవని చెప్పేవాడు. ఓడ ఏ దేశం నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి మా అభిరుచి మారిందంటే అతిశయోక్తి కాదు. అమెరికా దుకాణాల లెక్కకూ మా చెవులకూ పొంతన కుదరకపోవడంలో వింతేమీ లేదు.

అలాగని అమెరికా లెక్క పూర్తిగా బూటకమని నేను అనను. 1991 నవంబరుకు ముందు దుకాణాలూ రేడియో కేంద్రాలూ తమకు తోచినట్టు చెప్పిన వరస మీద ఆ పట్టిక నడిచేది. ఆ నెల చివరి నుంచి గల్లాపెట్టె దగ్గర స్కాన్ చేసిన అమ్మకాలనూ, రేడియో ప్రసారాలను యంత్రాలతో పసిగట్టిన లెక్కనూ తీసుకోవడం మొదలైంది. అప్పటిదాకా హాట్ 100లో ఏ పాటకూ దక్కని పది వారాలకు మించిన ఏలుబడి ఆ తర్వాత మామూలైపోయింది. జనం ఒకే పాటను నెలల తరబడి కొంటారన్న నిజం దుకాణదారుల నోటి మాటల్లో బయటపడలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే మా నాన్నగారు, "మా బినాకా గీత్‌మాలా నయం కదరా" అన్నారు. అమీన్ సయానీ రేడియో సిలోన్‌లో చదివిన ఆ హిందీ సినిమా పాటల వరసలో రికార్డుల అమ్మకాలతో పాటు శ్రోతల సంఘాలు పంపే ఉత్తరాలకూ విలువ ఉండేదట. ఉత్తరాలు మూకుమ్మడిగా రాయించడం ఎంత పని అని నేను వాదించాను గానీ ఆయన ఒప్పుకోలేదు.

చివరికి షరతునే సవరించాను. బ్రిటన్ పట్టిక అమ్మకాల మీదే నడిచినా, అక్కడ ఆ పాటలు సింగిల్స్‌గా అమ్ముడుపోయాయి కాబట్టి 'డోంట్ స్పీక్', 'బార్బీ గర్ల్', 'ఐ వాంట్ ఇట్ దట్ వే' మూడూ నంబర్ వన్ అయ్యాయి; రెండు దేశాల్లో ఎక్కడ గెలిచినా చాలునన్నాను. 'టార్న్' బ్రిటన్‌లోనూ రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది. దాన్ని ఏ నియమం కిందా ఇరికించలేక, జాబితా తయారుచేసినవాడి హక్కు అని పక్కన రాసి, 'వన్ స్వీట్ డే' కొట్టేసి ఆ స్థానంలో పెట్టాను. గాజువాక మిత్రుడు బొటనవేలు బొమ్మ పంపాడు. మరయా కేరీ అభిమానులు ఇంకా చూసినట్టు లేదు.