సముద్ర తాబేలు రక్తంలో తెల్లకణాల వెంట: నా అనుభవం

ఆకుపచ్చ సముద్ర తాబేళ్లకు ఫైబ్రోపాపిల్లోమాటోసిస్ అనే కణితుల జబ్బు వస్తుంది. 1938లోనే దీన్ని శాస్త్రపత్రికల్లో వర్ణించారు. కళ్ల చుట్టూ, మెడ మీద, కాళ్ల మొదట్లో గడ్డలు పెరిగి చూపుకూ ఈతకూ మేతకూ అడ్డుపడతాయి. ఒక హెర్పిస్ వైరస్‌కు దీనితో సంబంధం ఉంది. అయితే వైరస్ ఉన్న ప్రతి తాబేలుకూ కణితులు రావు. ఆ తేడా రోగనిరోధక కణాల పనితీరులో ఉందేమో చూడాలని ఈ పనిలోకి వచ్చాను.

మెడ పైభాగంలో, నడిగీతకు ఇరుపక్కలా ఉండే సిర నుంచి పశువైద్యులు రక్తం తీసి ఇచ్చేవారు. రెండు విషయాల్లో మాత్రం నేను పట్టుబట్టేదాన్ని. ఒకటి, ముందు రక్తం, తర్వాతే కొలతలూ ఫొటోలూ. పట్టుకుని ఉంచినకొద్దీ ఒత్తిడి హార్మోను పెరిగి తెల్లకణాల నిష్పత్తి మారిపోతుంది. రెండు, ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉండాలి. అదే పనికి వాడే మరో రసాయనం ఈడీటీఏతో తాబేళ్ల ఎర్రకణాలు పగిలిపోవచ్చు.

అసలు చిక్కు ప్రయోగశాలలో ఎదురైంది. మనిషి ఎర్రకణంలో కేంద్రకం ఉండదు, తాబేలు ఎర్రకణంలో ఉంటుంది. మనుషుల రక్తానికి వాడే ద్రావణంతో వాటిని పగలగొడితే కేంద్రకాలు మిగిలిపోయి తెల్లకణాల లెక్కలో కలిసిపోతాయి. ఆసుపత్రుల్లోని కౌంటర్ యంత్రాలనూ ఇక్కడ నమ్మలేం. అందుకే సెంట్రిఫ్యూజ్‌ను బాగా తక్కువ వేగంతో తిప్పేదాన్ని. బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరాక, వాటి పైన ప్లాస్మాలో తేలే తెల్లకణాలను పిపెట్‌తో మెల్లగా తీసుకునేదాన్ని. అక్కడా ఒక తిరకాసుంది. రక్తం గడ్డకట్టించే త్రాంబోసైట్లకు కూడా తాబేళ్లలో కేంద్రకం ఉంటుంది, చూడటానికి అవి లింఫోసైట్లు అనే తెల్లకణాల్లో చిన్నవాటిలాగే కనిపిస్తాయి. రంగు వేసిన స్లైడ్లను రోజుల తరబడి పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కన్ను కుదరలేదు. నా దృష్టిలో ఈ పరిశోధనకంతటికీ ఇదే ఆయువుపట్టు. కణం ఏదో తేలకుండా దాని పనితీరును కొలిచి ప్రయోజనం లేదు.

తర్వాత ఉష్ణోగ్రత. ప్రయోగశాలలో ఇంక్యుబేటర్లన్నీ మన శరీర వేడికి, 37 డిగ్రీలకు, అమర్చి ఉంటాయి. ఆకుపచ్చ తాబేలు ఒంటి వేడి చాలావరకు అది ఈదే నీటిని బట్టే ఉంటుంది. నేను 28 డిగ్రీలు పెట్టుకున్నాను.

మనలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు సూక్ష్మజీవులను మింగేస్తాయి; ఆ పనిని తాబేళ్లలో ఎక్కువగా హెటిరోఫిల్స్ అనే తెల్లకణాలు చేస్తాయి. వాటికి మెరిసే సూక్ష్మ పూసలను అందించి, ఎన్ని మింగాయో, కణాలను ఒక్కొక్కటిగా కాంతితో పరీక్షించే ఫ్లో సైటోమీటర్‌లో చూశాను. అవే కణాలను మంచులో ఉంచి మరో నమూనా కూడా నడిపాను. చలిలో కణాలు దాదాపుగా మింగవు కాబట్టి, పైన అంటుకున్న పూసేదో లోపలికి పోయిన పూసేదో దానితో తెలిసిపోతుంది. తెర మీద ఆ రెండు నమూనాల గ్రాఫు శిఖరాలూ మొదటిసారి విడివిడిగా నిలిచినప్పుడు పక్క గదిలోని వాళ్లందరినీ పిలిచి చూపించాను.

ఇప్పుడు లింఫోసైట్ల వంతు. వాటిని విభజనకు ప్రేరేపించే కాంకనావలిన్ ఎ అనే ప్రోటీన్ కలిపితే అవి ఎంత చురుగ్గా విభజన చెందుతాయో చూస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్న తాబేళ్లతోనే మొదలుపెట్టాను. వాటి మామూలు స్థాయి తెలిస్తేనే జబ్బుపడిన వాటి అంకెలకు అర్థం ఉంటుంది.