అమ్మకి రెండు దారాలు కనిపించాయి

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. అమ్మ పెళ్లయినప్పటి నుంచీ రాట్నం మీద సన్నదారం వడుకుతోంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చుట్టి, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడంచేత్తో దారం పైకి లాగాలి. నిరుడు సంక్రాంతి ముందు అంది: "ఏటోనమ్మా, కిందకి సూత్తే ఒకటే దారం, పైకి సూత్తే రెండు." అప్పటికే ఒక కన్ను మూసుకుని పని చేస్తోంది.

కళ్లజోళ్ల షాపులో అద్దాలు మార్చారు. ఇంకోచోట శుక్లం అన్నారు. అరవై దాటితే మా వైపు అందరికీ శుక్లమే! కానీ ఏ కన్ను మూసినా రెండో దారం మాయమవుతోంది. శుక్లమైతే అలా పోదు కదా. పాత పెళ్లి ఫొటోలు తీసి చూస్తే, ఎడమ కన్ను కాస్త కిందకి దిగి ముందుకొచ్చినట్టు తెలిసింది.

విశాఖలో కళ్ల డాక్టరమ్మ వేలు పైకీ కిందకీ కదిపి చూసి, వెంటనే ముక్కు గురించి అడిగారు. అమ్మకి ఏళ్లుగా రొంప, నుదురు బరువు. సీటీ స్కాన్‌లో బయటపడింది. నుదుటి సైనస్ (నుదుటి ఎముకలో ఉండే గాలి గది) ముక్కులోకి తెరుచుకునే దారి మూసుకుపోయి, లోపల జిగురు పేరుకుని, ఉబ్బి, కంటిగూడు పైకప్పు ఎముకని అరగదీసి కన్నుని కిందకి నెడుతోంది. మ్యూకోసీల్ అంటారు. క్యాన్సర్ కాదు. మెల్లగా పెరుగుతుంది, చాలామందికి నొప్పి కూడా ఉండదు. అందుకే ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు.

డాక్టరమ్మ ఒక ఎర్ర మూతని ఒక్కో కంటికీ చూపించారు. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టుంటే చూపు నరం దెబ్బతింటోందని అనుమానించాలట. అమ్మకి రెండు కళ్లకీ ఒకేలా ఉందని విన్నాకే నాకు టెన్షన్ తగ్గింది.

ముక్కులోంచే ఎండోస్కోప్‌తో దారి తెరిచి జిగురంతా తీసేశారు. ముఖం మీద కోత లేదు. కన్ను మెల్లగా సర్దుకుంది.

అమ్మది నిదానంగా వచ్చింది కాబట్టి తిరగడానికి టైమ్ దొరికింది. అందరికీ దొరకదు. ముక్కు పక్క సైనస్‌కీ కంటికీ మధ్య ఎముక కాగితమంత పల్చన. పిల్లలకి రొంప, జ్వరంతో పాటు కనురెప్ప వాచి, కన్ను తిప్పితే నొప్పెట్టినా, చూపు మసకబారినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. చుక్కలమందుతో పోయేది కాదు, రక్తనాళంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలి. షుగర్ ఉన్నవాళ్లు అస్సలు ఆగకూడదు. 2021లో బ్లాక్ ఫంగస్ ముక్కులో మొదలై ఎన్ని కళ్లు తీసుకుపోయిందో చూశాం.

తెరిచిన దారి మళ్లీ మూసుకుపోవచ్చు కాబట్టి ముక్కు డాక్టరుకి చూపిస్తూ ఉండమన్నారు. పత్తి దువ్వేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే మాత్రం అమ్మ వినడం లేదు, ఊపిరాడదంటుంది. పల్చటి నేతగుడ్డ ఒకటి చించి ఇచ్చాను.