గుణదల మెట్ల మీద నాయనమ్మ జపమాల

విజయవాడలోని గుణదల మాత (మరియమాత) కొండకు బయల్దేరే ముందు మూడు పనులు పూర్తయి ఉండాలని మా నాయనమ్మ నియమం. పాపసంకీర్తనం, అంటే గురువు (ఫాదరు) దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేసుకోవాలి. ఎవరితోనైనా మాటల్లేకపోతే వాళ్ళింటికి వెళ్ళి మాట కలుపుకోవాలి. ఏం మొక్కుకున్నామో ఇంట్లో అందరికీ చెప్పాలి. ఆమె పోయాక కూడా మా ఇంట్లో ఆ వరుస తప్పలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని నేను చేసే ఈ యాత్రంతా ఆమె నేర్పిన పద్ధతిలోనే సాగుతుంది.

పాపసంకీర్తనం ఊళ్ళోనే, విచారణ గురువుల (మన ఊరి గుడి ఫాదరు) దగ్గర ముగించుకోవడం మంచిది. ఉత్సవాల రోజుల్లో గుణదలలో చాలామంది గురువులు కూర్చున్నా బారులు పొడుగ్గానే ఉంటాయి. మన వంతు వచ్చేసరికి పిల్లలు అలిసిపోయి, అనుకున్నది మరిచిపోతారు. నాయనమ్మ ఐదు వేళ్ళ మీద ఐదు సంగతులు చెప్పించేది: ఆత్మశోధన, పశ్చాత్తాపం, మళ్ళీ చేయనన్న తీర్మానం, గురువుకు చెప్పుకోవడం, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం నెరవేర్చడం. ఐదోదాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. గుడి దాటి బయటికి రాకముందే, మోకాళ్ళ మీద ఉండగానే ఆ జపాలు ముగించేయాలి.

ఇక ఉపవాసం. నాయనమ్మ తరంవాళ్ళు పూజలో దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్ అప్పం) తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు. నీళ్ళకు 1953లో అనుమతి వచ్చింది. 1957లో ఉపవాసం మూడు గంటలకు తగ్గింది, 1964 నుంచి గంటే. ఇప్పుడు నీళ్ళకూ మందులకూ అడ్డు లేదు. ఈ మార్పు తెలిసినా పెద్దవాళ్ళు చాలామంది పాత నియమమే పాటిస్తారు. షుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా మెట్లెక్కి కళ్ళు తిరిగి కూలబడేది వీళ్ళే. వృద్ధులకూ జబ్బుతో ఉన్నవాళ్ళకూ, వాళ్ళను చూసుకునేవాళ్ళకూ ఆ గంట నియమం కూడా వర్తించదు. ఈ సంగతి మనవలే నెమ్మదిగా చెప్పాలి. మన మాట వినకపోతే గురువుల చేత చెప్పించాలి.

తిరునాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సు దేశంలోని లూర్దులో, మస్సబియెల్ గుహ దగ్గర మరియమాత బెర్నదెత్తకు మొదటిసారి కనిపించింది. గుణదలలో ఆ మాత స్వరూపాన్ని 1924లో అర్లాటి గురువులు ప్రతిష్ఠించారు. అప్పుడాయన అక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి పెద్ద. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ మూడు రోజులకు బదులు మామూలు రోజుల్లో వెళ్తే మాత స్వరూపం ఉన్న గుణదల గుహ ముందు కాసేపు నిలబడగలరు. తిరునాళ్ళకే వెళ్ళాలనుకుంటే తెల్లవారకముందే కొండ దగ్గరుండాలి. ఫిబ్రవరే కదా అనుకుంటాం గానీ, మధ్యాహ్నానికి విజయవాడ ఎండకు మెట్ల రాయి కాలుతుంది. చెప్పులు కింద వదిలినవాళ్ళు దిగేటప్పుడు ఇబ్బంది పడతారు.

అసలు చదువంతా జపమాల దగ్గరే. నాయనమ్మకు అక్షరాలు రావు. బెర్నదెత్తకు కూడా అప్పటికి చదవడం రాదు. పద్నాలుగేళ్ళ ఆ పిల్ల గుహ ముందు మొదట చేసిన పని జేబులోని జపమాల తీయడం. ఈ సంగతి చెప్పేటప్పుడు నాయనమ్మ ముఖం వెలిగిపోయేది. అక్షరం రానివాళ్ళ వేళ్ళకు సువార్తను అప్పగించింది జపమాలే అని నేను గట్టిగా నమ్ముతాను. నా విశ్వాసం కూడా మొదట వేళ్ళకే వచ్చింది, బుద్ధికి అందింది తర్వాత.

ఐదు పదుల (ఒక్కో పదికి పది మంగళవార్తలు) జపమాలలో మొత్తం 59 పూసలు. మరియమాతను వేడుకునే మంగళవార్త జపానికి 53, యేసు నేర్పిన పరలోక జపానికి 6. సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహం చెప్పాలి. తర్వాతి పెద్దపూసకు పరలోక జపం, మూడు చిన్నపూసలకు విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ కోరుతూ మూడు మంగళవార్తలు, ఆపైన త్రిత్వ స్తోత్రం. పిల్లలు తడబడేది దీని తర్వాతే. గుండ్రటి దండలో పదులు ఐదున్నా పెద్దపూసలు నాలుగే. మొదటి పదికి చెందిన పెద్దపూస దండలో ఉండదు, పతకానికి ఆనుకుని సిలువ వైపు వేలాడుతుంది. ఇది తెలియనివాళ్ళు ఐదో పెద్దపూస కోసం వెతుక్కుంటూ ఒక పదిని రెండుసార్లు చెబుతారు, లేదా ఒకటి వదిలేస్తారు. “పతకం పక్క పూస ముందు పట్టుకో నాన్నా, ఆ తర్వాతే దండలోకి దిగు” అనేది నాయనమ్మ. కళ్ళు మూసి తడిమించి నేర్పేది.

ఒక్కో పదికి ధ్యానించే యేసు, మరియల జీవిత ఘట్టాన్ని రహస్యం అంటారు. సోమ, శనివారాల్లో సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాల్లో దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాల్లో మహిమ రహస్యాలు. గురువారానికి వెలుగు రహస్యాలను 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు చేర్చారు. వయసు మీరాక కూడా ఆ ఐదింటినీ నాయనమ్మ మనవల చేత చెప్పించుకుని కంఠతా పట్టింది. ప్రతి పదికీ ఒక మనిషిని పెట్టుకోవడం ఆమె అలవాటు: చనిపోయినవాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళు, దూరాన ఉన్నవాళ్ళు, మనకు కీడు చేసినవాళ్ళు, చివరికి మన మొక్కు. మన మొక్కు చివరే. ఆ వరుసను ముందుకు జరపనిచ్చేది కాదు.

నిదానంగా చెబితే ఒక పదికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మెట్లెక్కుతూ పైకి చెబితే రెండో పదికే ఊపిరి అందదు. అందుకని పది మధ్యలో నడక, పెద్దపూస దగ్గర ఆగడం. తీగతో అల్లిన జపమాల జనంలో కొంగుకో జుట్టుకో తగులుకుని కొక్కెం విడిపోతుంది. యాత్రకు నైలాను దారంతో ముడులేసిన జపమాల తీసుకెళ్ళాలి.

కొవ్వొత్తి విషయంలో ఒక జాగ్రత్త. గుహ దగ్గర వేడికి పక్క కొవ్వొత్తులు కరిగి వంగిపోతాయి, మైనం నేల మీదికి కారి గట్టిపడి జారుతుంది. బిడ్డ చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చి జనంలో నడిపించకూడదు. ముట్టించే చోటుకు చేరాకే ఇవ్వాలి. తలనీలాల మొక్కు ఉంటే అది ముందే ముగించుకుని, స్నానం చేసి గుహకు రావాలి.

గుహ దగ్గరే ఆగిపోయి దిగిపోయేవాళ్ళు చాలామంది. నాయనమ్మ ఒప్పుకునేది కాదు. కొండ మీది సిలువ దాకా వెళ్ళాల్సిందే, తల్లి దగ్గరికొచ్చి కొడుకును చూడకుండా వెళ్తామా అనేది. పైకెళ్ళే దారిలో పద్నాలుగు చోట్ల ఆగి, ప్రభువు శ్రమలను ధ్యానించే సిలువ మార్గం చేస్తాం. పన్నెండో స్థలం, ప్రభువు సిలువపై మరణించిన చోటు, వచ్చేసరికి మోకరించడం కష్టమవుతుంది గనుక కొంచెం విశాలమైన మెట్టు చూసుకుని ఆ స్థలాన్ని అక్కడ పెట్టుకోవాలి. దిగేటప్పుడు మోకాళ్ళ మీద భారం ఎక్కువ. పెద్దవాళ్ళను పక్కకు తిరిగి, గోడ పట్టుకుని దిగమనాలి.

ఇంటికొచ్చాక యాత్ర ముగిసినట్టు కాదు, సాయంత్రం కుటుంబ జపమాల ఉంటుంది. మా పిల్లల్లో కొందరు అమెరికాలో ఉన్నారు, అందుకని ఫోనులోనే కలుస్తాం. అందరూ ఒక్కసారిగా పలికితే శబ్దం ఆలస్యంగా చేరి గందరగోళమవుతుంది. కాబట్టి పదికి ఒకరు చొప్పున మంగళవార్త మొత్తం చెబుతారు, మిగిలినవాళ్ళు మైకు ఆపి తమ చోట తాము బదులు పలుకుతారు. మొదటి పది, చనిపోయినవాళ్ళది, అందరికన్నా చిన్నవాళ్ళకు ఇస్తాం.