దివిసీమలో మబ్బు పట్టిన సాయంత్రం

అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి మబ్బు కనిపిస్తే కాళ్లు నిలవవు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. వేరుశనగ విత్తడానికి పదును దొరికితే చాలని జూన్ నుంచీ ఆకాశం వైపే చూసే ఇంట్లో పెరిగాను. అవే కళ్లతో పోయిన నవంబరులో దివిసీమ వెళ్లాను.

విజయవాడ నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్లి పులిగడ్డలో బస్సు దిగాను. ఉప్పెన మృతుల స్మారకం ఉన్నది అక్కడే. 1977 నవంబరు 19, శనివారం నాడు సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీద పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. బండి మీద వచ్చిన మిత్రుడు ఆ మాటే ఎత్తలేదు. నేనూ అడగలేదు.

కోడూరు వైపు వాళ్ల ఊరు. సాయంత్రం తూర్పున నల్లగా మబ్బు లేచింది. “వాన వచ్చేలా ఉంది!” అంటూ సంబరంగా వాకిట్లోకి వెళ్లాను. నా వెనక ఎవరూ రాలేదు. కోసిన పనలు చేలోనే ఉన్నాయి, అదొక దిగులు. మిత్రుడి తల్లి దిగులు వేరు. గడపలో నిలబడి గాలి ఏ మూల నుంచి వీస్తోందో చూశారు. లోపలికి వెళ్లి పట్టాదారు పుస్తకం ఉన్న సంచి అటక మీద పెట్టించారు.

“టీవీలో తుఫాను మాటే లేదు కదమ్మా” అన్నాను.

“ఆ శనివారం కూడా మాకెవరూ చెప్పలేదు నాయనా.”

అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఆ భయం నాకు అర్థమైంది. అర్థం కానిది ఏడేళ్ల మనవడి సంగతి. ఉప్పెన నాటికి వాడి తండ్రే పుట్టలేదు. అయినా వాడు ఆట ఆపి, నానమ్మను ఒకసారి చూసి, పుస్తకాల సంచి తీసి మంచం మీద పెట్టుకున్నాడు. అద్దపు బల్ల మీద పాకుతున్న పసిబిడ్డ, కింద లోతు కనిపించగానే తల్లి ముఖం చూస్తుందనీ, అందులో భయం ఉంటే ముందుకు కదలదనీ 1985లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగంలో చూపారు. చదివినప్పుడు అదేదో ప్రయోగశాల ముచ్చట అనుకున్నాను.

రాత్రి నాన్నకు ఫోను చేసి మబ్బు పట్టిందని చెప్పాను. “పడిందా? ఎంత పడింది?” అన్నాడు ఆత్రంగా. పక్క గదిలో ఆ పెద్దావిడ మేలుకునే ఉన్నారు. గొంతు తగ్గించి మాట్లాడాను.

తెల్లవారేసరికి చినుకైనా రాలకుండా మబ్బు విడిపోయింది. ఆమె కాఫీ ఇస్తూ, నేను వచ్చాక మొదటిసారి నవ్వారు. నాకు మాత్రం, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, మనసు చిన్నబోయింది.