నేరోబోట్ కాపురం: ఇడ్లీ ఆవిరి లెక్క

లండన్ అద్దెలు చూసి "పడవ కొనుక్కుని కాలువలో ఉంటే పోలా?" అనుకునే మన విశాఖ పిల్లలకీ, ఫోన్‌లో ఆ మాట విని కంగారుపడే అమ్మానాన్నలకీ ఈ పోస్టు. ఇంట్లోవాళ్ళ మొదటి భయం మునిగిపోతారేమోనని. లాకుల (నీటిమట్టం మారేచోట పడవని ఎక్కించి దింపే తలుపుల గదుల) దగ్గర తప్ప ఆ కాలువలు చాలాచోట్ల నడుంలోతే. రోజూ సతాయించేది పడవ లోపల మనమే పుట్టించుకునే చెమ్మ. దాని తర్వాత కరెంటు.

ముందు కొలతలు. నేరోబోట్ అనే ఈ సన్న పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, అంటే 2.08 మీటర్లు. మన సిటీ బస్సు ఇంతకన్నా వెడల్పు. 18వ శతాబ్దంలో కాలువలు కట్టిన ఇంజినీరు జేమ్స్ బ్రిండ్లీ కాలం నుంచీ అక్కడి సన్న కాలువల లాకులు 7 అడుగుల వెడల్పే, అందుకని పడవా అంతే. (ధవళేశ్వరం వైపు చుట్టాలున్నవాళ్ళకి లాకు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.) పొడవు 57 అడుగులు దాటకపోతే దాదాపు అన్ని కాలువల్లోనూ తిరగొచ్చు. 70 అడుగులది కొంటే ఉత్తరాన కొన్ని లాకుల్లో పట్టదు. అమ్మకం కాగితాల్లో 10/6/4 అని కనిపిస్తుంది: అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన గది 4. షిప్‌యార్డులో చేసిన బాబాయో మావయ్యో ఉంటే ఈ అంకెలు చూపించండి. బేరం తెగకముందే పడవని నీళ్ళలోంచి పైకి తీయించి, అల్ట్రాసౌండ్‌తో రేకు మందం కొలిపించమని ఆయనే చెప్తారు.

ఇక చెమ్మ. మన ఊళ్ళో అది సముద్రం మీంచి వస్తుంది, కిటికీ మూసి ఏసీ వేస్తే తగ్గుతుంది. అదే అలవాటుతో ఇంగ్లండు చలికాలంలో కిటికీలన్నీ బిగించుకుంటే పది రోజుల్లో పరుపు అడుగున బూజు. అక్కడ బయటి గాలి చల్లనిది, అందులో పట్టే ఆవిరి తక్కువ. ఆవిరంతా లోపలిదే: మన ఊపిరి, స్నానం, ఆరేసిన బట్టలు, పొయ్యి. గ్యాస్ మండినా నీళ్ళే పుడతాయి. కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీరు. అంటే 13 కిలోల సిలిండర్ అయిపోయేసరికి 20 లీటర్ల పైచిలుకు నీళ్ళు గాల్లో కలిశాయన్నమాట. దానికి ఇడ్లీ పాత్ర, గంజి వార్చే అన్నం, మరిగే చారు కలపండి. ఆ ఆవిరి వెళ్ళి కిటికీ అల్యూమినియం ఫ్రేముల మీద, గోలీసోడా సీసాకి పట్టినట్టు, చెమటై కారుతుంది.

చెయ్యాల్సింది ఇదీ. వండుతున్నంతసేపూ పొయ్యి పక్క కిటికీ కొద్దిగా తెరిచే ఉంచాలి, చలేసినా సరే. అన్నానికి ప్రెషర్ కుక్కర్ మేలు, మూతలేని గిన్నె కన్నా ఆవిరి తక్కువ వదులుతుంది. పరుపు కింద సందులున్న చెక్కలు ఉండాలి, ప్లైవుడ్ పలక వద్దు. బొగ్గు పొయ్యి ఇచ్చే వేడి పొడిగా ఉంటుంది, ఎందుకంటే దాని పొగా ఆవిరీ గొట్టంలోంచి బయటికే పోతాయి. పైకప్పు మీద పుట్టగొడుగుల్లా కనిపించే వెంటిలేటర్లకీ, తలుపు కింద రంధ్రాలకీ చలి వస్తోందని గుడ్డలు కుక్కకండి. పొయ్యి గొట్టం సరిగా లాగకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలే నిలుస్తుంది, దానికి వాసన ఉండదు. అలారం 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి, బోట్ సేఫ్టీ సర్టిఫికెట్‌కి నాలుగేళ్ళకోసారి చూస్తారు.

గ్యాస్ గాలి కన్నా బరువు, కిందికి దిగుతుంది. అందుకే సిలిండర్లు వంటగదిలో ఉండవు. పడవ ముక్కు దగ్గర, అడుగున బయటికి రంధ్రాలున్న పెట్టెలో ఉంటాయి. కొనేది ప్రొపేనే కావాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది, పొద్దున్నే కాఫీ లేనట్టే.

కరెంటు దగ్గర మన వంట మళ్ళీ లెక్కలోకి వస్తుంది. 110 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలు నాలుగుంటే మొత్తం 440. సగం కన్నా కిందికి దించితే అవి త్వరగా చస్తాయి, కాబట్టి చేతిలో ఉన్నది 220. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి దాదాపు 40 తింటుంది. 750 వాట్ల మిక్సీ ఇన్వర్టర్ మీద సుమారు 70 ఆంపియర్లు లాగుతుంది. భయపడక్కర్లేదు, ఐదు నిమిషాల చట్నీకి ఖర్చు 6 ఆంపియర్-అవర్లు మాత్రమే. 150 వాట్ల వెట్ గ్రైండర్ అరగంట తిరిగినా 7 దాటదు. రైస్ కుక్కర్ మాత్రం ఒక పూటకే 30 పైన మింగుతుంది. ఇండక్షన్ స్టవ్ సంగతి మర్చిపోండి. డిసెంబర్లో సోలార్ పలకల మీద ఆశ పెట్టుకోకూడదు, ఇంజిన్ తిప్పాలి. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా పక్క పడవల దగ్గర ఇంజిన్ నడపకూడదు, కాబట్టి ఆ పని పగలే చూసుకోవాలి. అదే ఇంజిన్ వేడికి స్నానం నీళ్ళ ట్యాంకూ కాగుతుంది. రుబ్బిన పిండి ఆ ట్యాంకు ఉన్న అరలో పెడితే ఎముకలు కొరికే చలిలోనూ పులుస్తుంది.

మరుగుదొడ్డి గురించి ఎవరూ ముందు అడగరు. క్యాసెట్ రకమైతే 20 లీటర్ల లోపు డబ్బా, ఇద్దరుంటే రెండు మూడు రోజులకోసారి ఎల్సాన్ పాయింట్‌కి మోసుకెళ్ళి పారబోయాలి. రెండో డబ్బా కొనిపెట్టుకోండి.

లాకులో దిగేటప్పుడు రెండు తప్పులు పడవని ముంచుతాయి. పై తలుపు అడుగున లోపలికి పొడుచుకొచ్చిన గట్టు ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. గోడ మీద తెల్లగీత ఉన్నది దాని గుర్తుగానే. పడవ వెనక భాగం ఆ గీతకి ముందే ఉండాలి. లేదంటే నీళ్ళు దిగుతుంటే వెనక భాగం గట్టు మీద కూర్చుంటుంది, ముక్కు నీళ్ళలోకి పోతుంది. రెండోది మోకు. ఫిషింగ్ హార్బర్‌లో పోటుకీ పాటుకీ మోకు వదులు ఉంచినట్టే ఇక్కడా గట్టిగా ముడేయకూడదు, పడవ గోడకి వేలాడుతుంది. ఏ తేడా కనిపించినా ముందు నీళ్ళు వదిలే కింది షట్టర్లు మూసెయ్యాలి, తర్వాతే అరుపులు. విండ్‌లాస్, అంటే ఆ షట్టర్లు తిప్పే హ్యాండిల్, పని కాగానే తీసి చేత్తో పట్టుకోండి. పళ్ళచక్రం జారితే గిర్రున తిరిగి మణికట్టు విరుగుతుంది.

ప్రొపెల్లర్‌కి ప్లాస్టిక్ సంచి చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, వెనక ఉన్న వీడ్ హ్యాచ్ మూత తీసి చేత్తో కోసి లాగాలి. ఆ మూత మళ్ళీ సరిగ్గా బిగించకుండా బయల్దేరితే ప్రొపెల్లర్ చిమ్మే నీళ్ళు నేరుగా ఇంజిన్ గదిలోకి వస్తాయి.

లైసెన్సు ఇచ్చేది 2012లో మొదలైన కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. సొంత మూరింగ్, అంటే పడవ కట్టేసుకునే చోటు, లేకపోతే 1995 చట్టం ప్రకారం ఒకచోట 14 రోజులకి మించి ఆగకూడదు. కాలేజీ పక్కనున్న రెండు రేవుల మధ్య అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే ప్రయాణం కింద లెక్కేయరు. 2024 నుంచి ఇలా తిరిగే పడవలకి అదనపు రుసుము కూడా ఉంది. రోజూ క్లాసుకి వెళ్ళాల్సినవాళ్ళు మూరింగ్ అద్దె కలిపి చూసుకోండి, చవక అన్న మాట అక్కడే సగం కరిగిపోతుంది. పైగా నవంబర్ నుంచి మార్చి దాకా మరమ్మతులకి కొన్ని లాకులు మూసేస్తారు. ఆ జాబితా ముందే చూసుకుని, నీళ్ళ కుళాయి, ఎల్సాన్, బొగ్గూ డీజిలూ అమ్ముకుంటూ వచ్చే పడవ, ఈ మూడూ అందే వైపున ఉండిపోవాలి.