సగం దగ్గర ఆగి చూడు

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. చింతచెట్టు మీద ఇప్పటికే నాలుగు వచ్చాయట, ఇంకొకటి వద్దన్నారు. సరే, చెట్టు జోలికి పోను. బడి గంట మాయమైన సంగతీ ఎత్తను. అది ఎవరింట్లో ఉందో మనందరికీ తెలుసు, ఆయనగారే ఇప్పుడు కోశాధికారి.

ఈ వ్యాసానికి కారణం మనం పకోడీ అని పిలిచే మన క్లాసువాడి కొడుకు. గదిలో కూర్చుని గిటారు రికార్డు చేసుకుంటున్నాడు. ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) లేదు. గిటారు నుంచి కేబుల్ నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టెలోకి (గిటారు సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించేది), అక్కడినుంచి లాప్‌టాప్‌లోకి. "అంతా గరగర అంకుల్. ప్లగిన్ మార్చా, కేబుల్ మార్చా, గెయిన్ తగ్గించా, పోవట్లేదు" అని ఫైలు పంపాడు. ప్లగిన్ అంటే కంప్యూటర్‌లోనే ఆంప్‌లా శబ్దం మార్చే సాఫ్ట్‌వేర్, గెయిన్ అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే తగ్గించే మీట. మూడూ ఒకేసారి మార్చాడట. సైన్సు మేష్టారు వినుంటే సుద్దముక్క ఎగిరొచ్చేది.

పదో తరగతిలో ఆగస్టు 15న మైకు సెట్టు గరగరలాడిన రోజు గుర్తుందిగా? హెడ్మాస్టరు 'ప్రియమైన' దగ్గరే ఆగిపోయారు. మైకుసెట్టాయన నిచ్చెనేసుకుని హారన్లు విప్పబోతుంటే మన మేష్టారు పంచె సర్దుకుంటూ వచ్చి, మైకు కేబుల్‌ని ఆంప్లిఫయర్ నుంచి పీకి, ఆ కన్నంలోకి ఓ తీగ దోపి దాని కొనకి వేలు ఆనించారు. హారన్లలో బుర్రుమని నిండుగా వచ్చింది. "ఇటుపక్క బాగుంది. రోగం అటుపక్కే. సగం తేలిందిరా, ఇక ఆ సగంలో సగం చూడండి" అన్నారు. మైకు కేబుల్ చివరి జాక్ విప్పితే లోపల టంకం ఊడిన తీగ, ఆనీ ఆననట్టు వేలాడుతోంది. హెడ్మాస్టరు మళ్ళీ 'ప్రియమైన' నుంచి మొదలుపెట్టారు. మిఠాయి పొట్లాలు ఎన్ని తక్కువొచ్చాయో మన క్లాసు బుల్లెట్‌గాడిని అడగండి.

గిటారు రికార్డింగులో ఆ సగం ఎక్కడుందంటే, ప్లగిన్లన్నీ ఆపేసిన ముడి ట్రాక్ దగ్గర. దాన్ని ఒంటరిగా వినాలి, బాగా జూమ్ చేసి చూడాలి. తరంగం కొనలు గోపురాల్లా ఉంటే ముడి ట్రాక్ శుభ్రం, రోగం కంప్యూటర్ లోపల ఉంది. డాబా కప్పులా చదునుగా తెగిపోయి ఉంటే రోగం గిటారు వైపు. తెగిపోయిన కొన ఫేడర్ (ట్రాక్ వాల్యూం మీట) తగ్గించినంత మాత్రాన తిరిగి రాదు. డాబా కాస్త చిన్నదవుతుంది, అంతే. మళ్ళీ వాయించుకోవాల్సిందే.

ఆ డాబా ఏ ఎత్తులో ఉందన్నదీ చూడాలి. సరిగ్గా 0 డీబీ (రికార్డింగులో అంతకుమించి పట్టని ఎత్తు) దగ్గర తెగితే ఇంటర్‌ఫేస్ గెయిన్ ఎక్కువైనట్టు. ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయిస్తూ కొనలు మైనస్ 12కీ మైనస్ 6కీ మధ్య ఆగేలా పెట్టుకోవాలి. 24 బిట్లలో రికార్డు చేసేటప్పుడు సున్నాని తాకించాల్సిన పనే లేదు. గెయిన్ మొత్తం తగ్గించేసినా ఎర్ర లైటు వెలుగుతుంటే ప్యాడ్ బటన్ (వచ్చే సిగ్నల్‌ని ముందే తగ్గించేది) నొక్కాలి. అది లేకపోతే పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు ముక్క) పక్క స్క్రూలు అర చుట్టు తిప్పి పికప్‌ని తీగలకి దూరంగా దించాలి. గిటారు వాల్యూం 8కి తగ్గించినా పనవుతుంది గానీ చాలా గిటార్లలో తళుకు కాస్త పోతుంది.

డాబా ఏ మైనస్ 9 దగ్గరో, మైనస్ 11 దగ్గరో కనిపిస్తే చాలావరకు గెయిన్ తప్పు కాదు. అక్కడికి రాకముందే సిగ్నల్ నలిగింది. మధ్యలో పెడల్ (కాలితో నొక్కి శబ్దం మార్చే పెట్టె) ఉంటే తీసేయాలి. పికప్‌లు యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) రకమైతే గిటారు వెనక మూత తీసి 9 వోల్ట్ల బ్యాటరీ చూడాలి. ఆ గిటార్లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా.

అసలు ఏ కన్నంలో గుచ్చారన్నది ఇంకో తిరకాసు. మామూలు పికప్‌కి 1 మెగా ఓమ్ దరిదాపుల్లో నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. అందుకే ఇన్‌స్ట్రుమెంట్ అని రాసున్న బటన్ నొక్కాలి. నొక్కకపోతే లైన్ ఇన్‌పుట్ నిరోధం అంతకంటే చాలా తక్కువ, కొన్నిట్లో 10 కిలో ఓమ్‌లే ఉండి పికప్‌ని అణిచేస్తుంది, శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది. వినపడట్లేదని గెయిన్ పెంచుతారు, దాంతో సుయ్యిమనే రొద. అక్కడ మొదలైన తప్పుకి ప్లగిన్‌ని తిడతారు.

ముడి ట్రాక్ శుభ్రంగా ఉండి, ప్లగిన్ వేశాకే దోమల రొదలా వస్తుంటే స్పీకర్ పెట్టె లేనట్టు. గిటారు స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. డిస్టార్షన్ (సిగ్నల్ నలిగి వచ్చే గరగర) పుట్టించే పైరొదనంతా మింగేసేది అదే. ఆంప్ ప్లగిన్ వెనక క్యాబినెట్ ఐఆర్ (స్పీకర్ పెట్టె పలికే తీరుని నకలు చేసే ఫైలు) ఒకటి పెట్టండి, సగం మంది ఏడుపు తీరిపోతుంది. ఇంకో చిత్రం: బయట మోడలర్ (ఆంప్‌ని నకలు చేసే) పెట్టెలో ఒక ఆంప్, లోపల ప్లగిన్లో ఇంకో ఆంప్. పులుసులో మళ్ళీ చింతపండు.

టిక్ టిక్ మని, వాయించనప్పుడు కూడా వస్తుంటే అది డిస్టార్షన్ కాదు, కంప్యూటర్ అందుకోలేకపోతోంది. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి తీసుకునే శాంపిళ్ళ సంఖ్య) 64 ఉంటే 128 చేయాలి, ఆగకపోతే 256. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల శాంపిళ్ళు) దగ్గర 256 అంటే 5.3 మిల్లీసెకన్లు, చేతికి పెద్దగా తెలియదు. లాప్‌టాప్ చార్జర్ పీకితే 50 హెర్ట్జ్ గుయ్యిమనడం ఆగిందా, అది ఎర్తింగు గొడవ. గిటారు పట్టుకుని పక్కకి తిరిగితే తగ్గిందా, అది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ స్వభావం. కిటికీ వైపు తిరిగి వాయించుకోమనండి.

లెక్కల్లో 36 వచ్చిన వాడు ఇవాళ ఈ ఓమ్‌లూ డీబీలూ పట్టుకునే ఇల్లు గడుపుతున్నాడంటే మేష్టారు నమ్మరు. ప్రాక్టికల్ రికార్డు అడుగుతారు. చూపిస్తాను, ఒక్కో మార్పుకీ ఒక్కో గీత గీసి రాస్తూనే ఉన్నాను.

పకోడీ కొడుకు ముడి ట్రాక్‌లో డాబా మైనస్ 11 దగ్గరుంది. బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టమన్నాను. కొత్తదైతే 9కి పైనే చూపించాలి, 6.3 చూపించింది. వేసవి సెలవులంతా కేబుల్ గుచ్చే ఉంచాడట. బ్యాటరీ మార్చాక పంపిన ఫైలులో గరగర లేదు. వాయింపు ఎలా ఉందో మాత్రం పకోడీకి నేను చెప్పను.