అగ్నివీర్ జీడీ ఫైనల్ లిస్టులో నా నంబర్ వచ్చింది, ముందు మా నాయన కట్టిన 50 వేల సంగతి చెప్తా

అగ్నివీర్ జీడీ అంటే ఆర్మీలో నాలుగేళ్ల సిపాయి ఉద్యోగం. నిన్న మధ్యాహ్నం మూడింటికి దాని రిజల్ట్ పీడీఎఫ్ ఓపెన్ చేశా. నంబర్ కనపడింది. అడ్మిట్ కార్డు పక్కన పెట్టుకుని ఒక్కో అంకె వేలు పెట్టి మూడుసార్లు చూసుకున్నా. మా అమ్మని పిలిచి చూపిస్తే ఆమెకి చదువు రాదు, "ఇందులో నీ పేరేది నాయనా" అంటది. పేరుండదమ్మా, నంబరే ఉంటది అని చెప్పేలోపే నాకు ఏడుపొచ్చేసింది. నాయన పొలం కాడ ఉన్నాడు, ఫోన్ చేస్తే ఒక్క మాట కూడా మాట్లాడలా, "సరే వస్తుండా" అని పెట్టేశాడు.

రాత్రి నుంచి జూనియర్లు మెసేజ్ ల మీద మెసేజ్ లు. ఏ బుక్ చదివావన్నా, రోజుకి ఎన్ని రౌండ్లు కొట్టేవాడివన్నా, డైట్ ఏందన్నా అని. అవన్నీ చెప్తా, కానీ అవి నాలుగు లైన్లలో అయిపోతాయి. నన్ను ఏడాది వెనక్కి లాగింది రన్నింగూ కాదు మ్యాథ్సూ కాదు. అది చెప్పకుండా డైట్ చార్ట్ పెడితే నాకు నిద్ర పట్టదు.

మాది కలిగిరి దగ్గర పల్లె. రెండెకరాలు సొంతం, ఇంకో మూడెకరాలు కౌలు, పొగాకే వేస్తాం, ఆకు వేడిపెట్టి ఆరబెట్టే బ్యారన్ కూడా బాడుగకి తీసుకుంటాం. 2024 లో ఫస్ట్ అటెంప్ట్ రాశా, సీఈఈ, అంటే ర్యాలీకి ముందు కంప్యూటర్ లో పెట్టే రాత పరీక్ష, పాసయ్యా. లిస్ట్ వచ్చిన వారానికే ఒకాయన ఫోన్ చేశాడు, "తమ్ముడూ కంగ్రాట్స్, ఇంక ర్యాలీ ఒక్కటే కదా, నీ సంగతి నేను చూసుకుంటాలే" అని. అప్పుడు నాకు తట్టలేదు గానీ మీరైనా ఆలోచించండి, ఆ లిస్టులో ఫోన్ నంబర్లుండవు కదా, ఆయనకి నా నంబర్ ఎట్టా తెలిసింది? కావలిలో నేను 40 రోజులు ఉన్న అకాడమీలో రోల్ నంబరు, ఫోన్ నంబరు, నాయన పేరు, ఊరు అన్నీ రిజిస్టర్ లో రాయించుకున్నారు. అక్కణ్ణించే పోయింది, వేరే దారి లేదు.

తర్వాత ఆదివారం ఇంటికే వచ్చాడు. బొలెరో, వెనకాల అద్దం మీద ఆర్మీ స్టిక్కర్, క్రాఫ్ నీట్ గా కొట్టించుకుని, మాటకి ముందు ఒక హిందీ ముక్క. ఎక్స్ సర్వీస్ మెన్ అన్నాడు, ఫోన్లో యూనిఫాం వాళ్ల పక్కన దిగిన ఫోటోలు చూపించాడు. మా నాయనకి ఆ ఫోటోలే చాలు. మూడు లక్షలు మాట. ముందు 50 వేలు అడ్వాన్స్, మిగతాది సెలెక్ట్ అయినాకే, కాకపోతే అడ్వాన్స్ పైసాతో సహా వెనక్కి. "పని కాకపోతే నాకెందుకన్నా మీ రైతు డబ్బు" అన్నాడు. ఆ మాటకి మా నాయన పడిపోయాడు. గ్యారంటీ కింద నా ఒరిజినల్స్ అడిగాడు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, నేటివిటీ, క్యాస్ట్ అన్నీ. ప్రామిసరీ నోటు రాయించుకున్నాడు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు రెండు. ఆ 50 వేలు వేలంలో బేళ్లకి పడిన డబ్బులో బ్యారన్ బాడుగకని మా అమ్మ పక్కన పెట్టింది.

నేను వద్దన్నానా? లేదు. నిజమే చెప్తుండా, నేనూ ఒప్పుకున్నా. కష్టపడి పాసైనోడివి నీకెందుకురా అని ఇప్పుడు అందరూ అంటారు, కానీ ఆ టైంలో ఊళ్లో ప్రతివాడూ "ఏదో ఒకటి పెట్టకపోతే రాదబ్బయా" అనేవాడే. రాకపోతే ఆ 50 వేల కోసం వదిలేశావంటారని భయం.

కడప ర్యాలీ 2024 నవంబర్ లో. ఆత్మకూరు, బద్వేలు మీదుగా బస్సులో ముందురోజే పోయా, రాత్రి స్టేడియం బయటే దుప్పటి పరుచుకుని పడుకున్నా. తెల్లారక ముందే లోపలికి పంపారు. 1.6 కిలోమీటర్ల పరుగులో నాలుగో రౌండ్ మలుపు తిరిగేటప్పటికి నా ముందు ఆరుగురే ఉన్నారు. అందరికన్నా వేగంగా వచ్చినోళ్ల గ్రూప్ వన్ లో పడ్డా, 60 మార్కులు. పులప్స్ పది, 40 కి 40. తొమ్మిదడుగుల గుంత, జిగ్ జాగ్ అయిపోయినాయి. ఎత్తు, ఛాతీ, బరువు అన్నీ ఓకే. ఒంట్లో నొప్పే తెలియలేదు ఆ రోజు.

తర్వాత డాక్యుమెంట్స్ టేబుల్.

నా ముందు పిల్లోడు ప్లాస్టిక్ ఫోల్డర్ తీసి టకటకా పెట్టేశాడు. నేను జిరాక్స్ ల కట్ట పెట్టా. టేబుల్ దగ్గర సారు ఒక్కో కాగితం తిప్పి, "ఒరిజినల్ కిధర్ హై?" అన్నాడు. బయట మా అన్న దగ్గర ఉన్నాయి సర్, తెస్తా అన్నా. ఆయన మంచోడే, పక్కన నిలబెట్టి సాయంత్రం క్లోజ్ చేసేలోపు తెచ్చుకో అన్నాడు. ర్యాలీకి ఒరిజినల్స్ తేవాలని నోటిఫికేషన్లో రాసి ఉంటది, అడ్మిట్ కార్డు మీదా రాసి ఉంటది, వాళ్ల తప్పు ఇసుమంత కూడా లేదు.

ఆ బొలెరో పెద్దమనిషి కడపలోనే ఉన్నాడు, బస్టాండ్ దగ్గర లాడ్జిలో. ముందురోజు "పొద్దున్నే గేటు దగ్గర ఇస్తా" అన్నోడు పొద్దున ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తాడు. "రన్నింగ్ అయిందంట కదా, నేను చెప్పబట్టే అయింది, ఇంక లక్ష పడేస్తే కాగితాలు పంపిస్తా" అన్నాడు. అన్నా, సెలెక్ట్ అయినాక కదా మిగతాది అన్నారు అంటే, "రూల్ మారింది తమ్ముడూ" అని ఫోన్ పెట్టేశాడు. అప్పుడు టైం పన్నెండున్నర.

మా నాయన అక్కడ ఊళ్లో తిరగని ఇల్లు లేదు. నవంబర్ అంటే చేతిలో డబ్బాడే నెల కాదు, అమ్మిన పొగాకు డబ్బు అప్పులకి పోయుంటది, కొత్త పంట మొక్కల్లోనే ఉంటది. మూడున్నరకి 60 వేలు పోగు చేశాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. ఆ బొలెరో ఆయన అకౌంట్ కి కొట్టకుండా ముందు ఆయనకే ఫోన్ చేసి బతిమాలా, 60 ఉండాయన్నా, మిగతాది రేపిస్తాం అని. కుదరదన్నాడు. వెనక టీవీ సౌండ్ వినపడతానే ఉంది. నేను లాడ్జి దగ్గరికి ఆటోలో పోయా, రూం నంబర్ చెప్పలేదు, కౌంటర్ అతను లోపలికి పోనీలేదు. తిరిగి స్టేడియం కాడికి వచ్చేసరికి టేబుళ్లు మడిచేస్తుండారు. గేటు దగ్గర పోలీసాయన ఇంకోసారి చూద్దువులే పో నాయనా అన్నాడు. గోడ పక్కన కూర్చున్నా, బూట్లు విప్పితే సాక్సులు రక్తంతో అతుక్కుపోయి ఉన్నాయి, అప్పటిదాకా పొక్కులు పగిలిన సంగతే తెలియదు నాకు.

ఇప్పుడు అసలు విషయం వినండి, దీని కోసమే ఇంత రాస్తుండా. ఆ దళారీ ఒక్కణ్ణే పట్టుకోడు. సీఈఈ పాసైనోళ్లలో ఇరవై మంది దగ్గర తీసుకున్నాడనుకుందాం. లోపల ఆయనకి ఎవురూ తెలియదు, ఆయన ఏమీ చెయ్యడు, చెయ్యలేడు కూడా. సీఈఈ కంప్యూటర్ లో, రన్నింగ్ వందలమంది ముందర, పులప్స్ లెక్క పక్కనోడికి కూడా వినపడతది. ఇరవై మందిలో ఎట్టాగూ ముగ్గురో నలుగురో సొంత కష్టంతో వస్తారు. వాళ్ల దగ్గర మూడు లక్షల చొప్పున వసూలు. రానోళ్లకి ఎంతోకొంత వెనక్కి ఇచ్చి "చూశావా, మాట మీద నిలబడ్డా" అని పేరు, లేదంటే తిప్పి తిప్పి ఎగ్గొట్టడం. మన చెమటని మనకే అమ్ముతుండాడు బ్రదర్స్. మా బ్యాచ్ లో ఒకడు రన్నింగ్ లో ఫస్ట్ గ్రూపు కొట్టి, రాత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని సెలెక్ట్ అయ్యాడు. వాడు ఈనాటికీ ఆయన వల్లే వచ్చిందనుకుంటాడు, అప్పు చేసి మరీ కట్టాడు. మొదటి ఏడు చేతికొచ్చేది నెలకి 21 వేలు, మూడు లక్షలంటే 14 నెలల జీతం. నాలుగేళ్లయినాక పర్మనెంట్ చేసేది 25 శాతం మందినే, ఆ సంగతి ఆయన మా ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు, "రిటైర్ అయ్యేదాకా గవర్నమెంట్ జాబు, పెన్షను" అన్నాడు. నాలుగేళ్లయి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సేవా నిధి 11.71 లక్షలు అని చెప్పాడు గానీ అందులో సగం మన జీతంలో కోసిందేనని చెప్పలా.

మరి కంప్లైంట్ ఎందుకివ్వలేదని అడుగుతారు. ఆయన మొదటి మాటే అది, "ఇచ్చినోడు కూడా దొంగే, నీ మీద కేసైతే జన్మలో ఉద్యోగం రాదు" అని. 2022 జూన్ లో ఈ అగ్నివీర్ స్కీం వద్దని సికింద్రాబాద్ స్టేషన్ లో గొడవలయినాక, ఆ ఆందోళనల్లో ఉన్నోళ్లకి అవకాశం లేదని, పోలీస్ వెరిఫికేషన్ తప్పదని ఆర్మీ వాళ్లు చెప్పారు కదా, కేసు అన్న మాట వింటేనే మనకి ఒళ్లు వణుకుద్ది. ఆ వణుకే వాళ్ల పెట్టుబడి. పైగా 2021 లో జీడీ రాత పరీక్ష పేపర్ లీకై దేశమంతా క్యాన్సిల్ అయింది, అదే ఏడాది మార్చిలో ఆఫీసర్ల సెలెక్షన్లో లంచాల మీద సీబీఐ కేసు పెట్టి 17 మంది ఆర్మీ వాళ్ల పేర్లు చేర్చింది. అవి చూపించి "చూడు, లోపల అంతా ఇంతే" అంటాడు. నేను దాన్ని తిప్పి చూస్తా, బయటపడ్డాయి కాబట్టే కదా పేపర్ క్యాన్సిల్ అయిందీ, కేసయిందీ. అయినా ఆఫీసర్ల కేసుకీ మన ఊళ్లో బొలెరోలో తిరిగేవాడికీ ఏం సంబంధం?

చివరికి మా మామ, ఇద్దరు ఊరి పెద్దమనుషులు పోయి, స్టేషన్ కి పోతామని గట్టిగా కూర్చుంటే కాగితాలు, నోటు ఇచ్చాడు. చెక్కులు ఒకటే ఇచ్చాడు, రెండోది బ్యాంకులో చెప్పి ఆపించాం. 50 వేలు పోయినట్టే. టెన్త్ మెమోకి స్టాప్లర్ పిన్నులు కొట్టి ఉన్నాయి, పైన పెన్సిల్ తో 14 అని రాసుంది. నాకు ముందు ఇంకా 13 మంది ఉన్నారన్న మాట.

ఇంకొన్ని త్వరగా చెప్తా. ర్యాలీ ముందురోజు ఇంజెక్షన్ వేస్తాం, నొప్పి తెలియదు అనేవాళ్లున్నారు, దొరికితే బయటికే. మెడికల్ లో అన్ ఫిట్ రాస్తే రివ్యూ, అంటే మళ్లీ చేసే టెస్టు, సెట్ చేస్తామని గేటు దగ్గరే తిరుగుతుంటారు. మా ఫ్రెండ్ కి చెవిలో గుబిలి ఉందని రాస్తే భయపడి ఒకడికి 30 వేలు ఇచ్చాడు, డాక్టర్ దగ్గర క్లీన్ చేయించుకుంటే అయిపోయే పని అది. దొంగ సర్టిఫికెట్ తో చేరినోణ్ణి సర్వీసులో ఉన్నప్పుడైనా తీసేస్తారు. ఇక అకాడమీలు. నేను 40 రోజులకే బయటికొచ్చేసిన ఆ అకాడమీ వాళ్లు ఈరోజు పొద్దున నా ఫోటో ఫ్లెక్సీ వేశారంట, మా విద్యార్థి అని. ఫోన్ చేసి తీసెయ్యమని చెప్పా, సాయంత్రం దాకా చూస్తా, లేకుంటే నేనే పోయి పీకుతా.

ప్రిపరేషన్ అంటారా. 2025 లో పుట్టిన తేదీ కటాఫ్ 2004 అక్టోబర్ 1, నేను డిసెంబర్ లో పుట్టా, రెండు నెలల తేడాతో లోపల పడ్డా. ఈసారి తెలుగులో కూడా పేపర్ వచ్చింది, అది నాకు పెద్ద ప్లస్. 50 ప్రశ్నలు గంటలో, నెగటివ్ ఉంది కాబట్టి తెలియనిది ముట్టుకోలేదు. ఎనిమిది నుంచి పది దాకా స్కూలు పుస్తకాలే సైన్స్ కి, లెక్కలకి శాతాలు, సరాసరి, కాలం దూరం రోజూ. రన్నింగ్ అకాడమీ లేకుండా మా చెరువు కట్ట మీదే, నాలుగున్నరకి లేచి, వారానికి రెండుసార్లు టైం పెట్టి. ఇప్పుడు 6 నిమిషాల 15 సెకన్ల దాకా గ్రూపులున్నాయి కదా అని ఊరుకోవద్దు, చివరి గ్రూపుకి 24 మార్కులే, మెరిట్ లో అక్కడే పోతాం. తిండి ఇంట్లో ఏముంటే అది, రాగి సంకటి, గుడ్లు. ఫోన్ రాత్రి తొమ్మిదికి మా అమ్మకిచ్చేవాణ్ణి. వానొచ్చినా జొరమొచ్చినా కట్ట మీదికి పోవడం మానలేదు, మానాలనిపించినప్పుడు ఆ లాడ్జి టీవీ సౌండ్ గుర్తొచ్చేది. ఒళ్లు వంచలేని వాడికే దళారీ కనపడతాడని మా మామ అంటాడు. నేను ఒప్పుకోను, నేను ఒళ్లు వంచే మనిషినే, అయినా పడ్డా. ఒంటికి అలవాటు చేసినట్టే భయానికి కూడా అలవాటు చెయ్యాలి, ఊరంతా ఇవ్వమంటున్నా ఇవ్వను అని నిలబడటం కూడా ప్రాక్టీసే.

ఆర్మీ నోటిఫికేషన్ చివర్లో ఉంటది, రిక్రూట్మెంట్ ఉచితం, దళారుల్ని నమ్మొద్దు అని. మనం ఏజ్, హైట్ చూసుకుని మూసేస్తాం. దాన్ని తెలుగులో మీ నాయనకి చదివి వినిపించండి, ఆ బొలెరో మీ ఇంటికి రాకముందే. ఒరిజినల్స్ కన్నతల్లికి తప్ప ఎవరికీ ఇవ్వొద్దు. ఎవడన్నా మోసం చేస్తే పాత 420 ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్ లో 318 సెక్షన్, నేను భయపడి ఆ మెట్టెక్కలేదు, ఆ తప్పు నాదే.

రాత్రి పదకొండింటికి కొండాపురం వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. సీఈఈ పాసయ్యాడంట, రేపు ఒకాయన ఇంటికొస్తుండాడంట, ఒరిజినల్స్ రెడీగా పెట్టమన్నాడంట. ఏ బండి అనడిగా. బొలెరో అన్నా అన్నాడు. పొద్దున్నే మీ నాయనని తీసుకుని మా ఇంటికి రారా, నా మెమో మీద ఆ 14 చూపిస్తా అని చెప్పా. మా నాయన మంచం మీద పడుకునే విన్నాడంతా. "రమ్మను, నేను మాట్లాడతా వాళ్ల నాయనతో" అన్నాడు. తెల్లారింది, టీ పెట్టుకుని ఇద్దరం వాకిట్లోనే కూర్చోనుండాం.